ఏనుగు బతికినా వెయ్యే... మరి ఎవరికి?

డబ్బు కట్టి మరీ ఏనుగును వేటాడతారు. దాని దంతం మాత్రం ఇంటికి తెచ్చుకోలేరు. అయినా సరే, విమానమెక్కి ఆఫ్రికా వెళుతూనే ఉంటారు. ఆ విదేశీ వేటకీ, మన సోమల మామిడితోటల్లో రాత్రంతా కావలి కాసే రైతుకీ ఓ చుట్టరికం ఉంది. అదేమిటో చూద్దాం!

రాత్రి పదకొండు దాటింది. సోమల మండలంలో అడవి అంచున ఉన్న పల్లెల్లో ఇళ్లు పడుకుంటాయి కానీ తోటలు పడుకోవు. అక్కడో మంట, ఇక్కడో టార్చిలైటు... ఓ చెవి ఎప్పుడూ అడవివైపే. ఫట్‌మని కొమ్మ విరిగిన చప్పుడైతే చాలు, డబ్బాలు మోగుతాయి, టపాకాయలు పేలుతాయి. తెల్లారాక టీకొట్టు దగ్గర ఒకటే పలకరింపు.

‘ఏం నా, రేయి దిగినాయా?’

‘దిగినాయిరా అబ్బోడా. ఈ తూరి మా మడిలోకే!’

ఏవి దిగాయని ఎవరూ అడగరు. అడగాల్సిన పనిలేదు.

అచ్చం ఇలాంటి రాత్రే జింబాబ్వేలోని జాంబెజీ నది ఒడ్డు రైతుకీ, బోట్స్‌వానాలోని ఒకవాంగో డెల్టా పక్కన ఉండే రైతుకీ ఎదురవుతుంది. అక్కడ టమాటా, మామిడికి బదులు జొన్న, మొక్కజొన్న. డబ్బాల మోత అదే, మంటలూ అవే. తేడా అంతా మర్నాటినుంచే మొదలవుతుంది. అక్కడ పంటల మీద పదేపదే పడే ఏనుగుని చంపడానికి ఒక్కోసారి అధికారులు అనుమతి ఇస్తారు. ఆ అనుమతిని డబ్బు పెట్టి కొనుక్కునేవాడు ఏ అమెరికా నుంచో యూరప్ నుంచో దిగుతాడు.

ఏనుగు బతికినా వెయ్యే చచ్చినా వెయ్యే అన్నారు మన పెద్దలు. ఆ వెయ్యి ఎవరి జేబులో పడుతుందో మాత్రం చెప్పలేదు. అసలు తగువంతా అక్కడే!

దంతం రాదు... ఫొటో వస్తుంది

వేటగాళ్ల భాషలో ‘ట్రోఫీ’ అంటే కప్పు కాదు. చంపిన జంతువు గుర్తుగా ఇంటికి తెచ్చుకునే భాగం. సింహమైతే తల, తోలు. దున్నపోతైతే కొమ్ములు. ఏనుగైతే దంతాలు. ఆసియా ఏనుగుల్లో మగవాటికే దంతాలుంటాయి, వాటిలోనూ కొన్నిటికి ఉండవు. ఆఫ్రికా ఏనుగుల్లో ఆడవాటికీ దంతాలుంటాయి. ఒక్కో దంతం ఎన్ని పౌండ్లు తూగిందన్న దాన్నిబట్టే వేటగాడి గొప్ప. వంద పౌండ్లు దాటితే ఇక ఆయన పేరు వేటగాళ్ల చరిత్రలోకి ఎక్కినట్టే!

చట్టం ఒప్పుకునే ఏనుగు వేట అక్కడ రెండు రకాలు. ఒకటి... దంతాల్ని సొంత దేశానికి తీసుకెళ్లే వీలున్నది. దీనికి దేశం మొత్తానికీ ఏటా ఓ కోటా ఉంటుంది, ఖర్చు పదుల వేల డాలర్లు. రెండోది... దంతాలు తీసుకెళ్లడానికి వీల్లేనిది. పంటలమీద పడే ఏనుగుల్నీ, మనుషుల మీదికి వచ్చేవాటినీ వదిలించుకోవడానికి ఇచ్చే అనుమతులు ఎక్కువగా ఈ కోవలోకే వస్తాయి. ఖర్చు మొదటిదానికన్నా బాగా తక్కువ. అందుకే అంత స్తోమత లేని వేటగాళ్లు దీన్ని ఎంచుకుంటారు.

తుపాకీ పేలిన కాసేపటికే కబురు చుట్టుపక్కల పల్లెలకు పాకిపోతుంది. కత్తులూ గిన్నెలూ పట్టుకుని జనం వచ్చేస్తారు. కొన్ని గంటల్లోనే అంత పెద్ద కళేబరమూ ఎముకల పోగు అవుతుంది. మాంసం ఊరివాళ్లకి. దంతాలు సర్కారుకి. మరి అంత డబ్బు కట్టి వచ్చిన పెద్దమనిషికి? ఏనుగు పక్కన నిలబడి తీయించుకున్న ఓ ఫొటో. ఇంకా మనసు ఆగకపోతే దంతాల కొలతలు తీసుకుని అచ్చు వాటిలాగే ఫైబర్‌తో చేయించుకునే నకిలీ దంతాలు. డ్రాయింగ్‌రూమ్‌లో తగిలిస్తే చూసినవాళ్లకు తేడా తెలియదట!

‘ఇంతకీ అంత దూరం వెళ్లి చంపడం ఎందుకు?’ అనిపిస్తుంది మనకు. జాడ పట్టుకుని మైళ్లకు మైళ్లు నడిచి, గాలివాటం చూసుకుని, ముప్ఫై అడుగుల దూరంలో ఏనుగు ఎదుట నిలబడటమే అసలైన వేట అంటారు వాళ్లు. దంతం గోడకు తగిలించుకునే అలంకారమేనట. ఈ మాట ఒప్పుకునేవాళ్లకన్నా చీదరించుకునేవాళ్లే లోకంలో ఎక్కువ. 2012లో స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ బోట్స్‌వానాకు గుట్టుగా ఏనుగుల వేటకు వెళ్లాడు. అక్కడ పడి తుంటి విరగ్గొట్టుకోవడంతో సంగతి బయటపడింది. దేశం ఆర్థిక కష్టాల్లో ఉంటే రాజుగారికి ఇదేం సరదా అని జనం మండిపడ్డారు. ఆయన టీవీ కెమెరాల ముందు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఆ దేశంలోని ప్రపంచ వన్యప్రాణి నిధి సంస్థ గౌరవాధ్యక్ష పదవీ పోయింది.

గేటు దగ్గర ఆగిపోయిన దంతాలు

దంతాల ప్రయాణానికి అడ్డుకట్ట పడింది 1989లో. వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం ‘సైటిస్’ ఆ ఏడాది ఆఫ్రికా ఏనుగుని అత్యంత కట్టుదిట్టమైన జాబితాలోకి చేర్చింది. అంతకుముందు పదేళ్లలో దంతాల కోసం లక్షల ఏనుగుల్ని దొంగవేటగాళ్లు చంపేశారు మరి. తర్వాత 1997లో బోట్స్‌వానా, నమీబియా, జింబాబ్వేలకూ, 2000లో దక్షిణాఫ్రికాకూ కాస్త సడలింపు దొరికింది. వాటి అడవుల్లో ఏనుగులు బాగానే ఉన్నాయి కాబట్టి. మామూలు దంతపు వ్యాపారానికి తలుపు మూసే ఉంచినా, వేటగాడు తన ట్రోఫీని తీసుకెళ్లడానికి మాత్రం కిటికీ తెరిచే ఉంది.

ఆ కిటికీనీ కొన్ని దేశాలు తమ వైపు నుంచి మూసేస్తూ వచ్చాయి. ఏనుగుల వేటకు వెళ్లేవాళ్లలో అమెరికన్లదే పెద్ద వాటా. అలాంటి అమెరికా 2014 ఏప్రిల్‌లో జింబాబ్వే, టాంజానియాల నుంచి ఏనుగు ట్రోఫీల దిగుమతిని ఆపేసింది. 2017 నవంబరులో ఆ నిషేధం ఎత్తేస్తున్నామంది. జనం గోలచేయడంతో అధ్యక్షుడు ట్రంప్ రోజుల వ్యవధిలోనే ఆపమన్నాడు. 2018 మార్చిలో ఏ దరఖాస్తుకు ఆ దరఖాస్తే చూస్తామని మధ్యేమార్గం పట్టింది. 2024లో నిబంధనల్ని మరికాస్త బిగించింది. అదే ఏడాది జనవరిలో బెల్జియం పార్లమెంటు, అంతరించే ముప్పున్న జంతువుల ట్రోఫీలను దేశంలోకి రానివ్వకూడదని చట్టం చేసింది. బ్రిటన్‌లో అలాంటి బిల్లే 2023లో దిగువసభ దాటి ఎగువసభలో ఇరుక్కుపోయింది.

దంతం రాదని తెలిస్తే వేటగాడు ఆగిపోతాడని ఈ దేశాల లెక్క. కొందరు ఆగారు కూడా. కానీ ఆగనివాళ్లు ‘దంతం వద్దులే’ అని చవక వేటకు మళ్లారు. ఏనుగు చావు తప్పలేదు, దాని ధర మాత్రం పడిపోయింది. ఆ తగ్గిన డబ్బు ఎవరికి చేరాల్సింది? రాత్రంతా డబ్బాలు మోగించిన ఆ రైతు ఊరికి!

‘మీ దగ్గరికే పంపిస్తాం!’

జింబాబ్వేలో 1980ల చివర ‘క్యాంప్‌ఫైర్’ అనే పథకం మొదలైంది. అడవి జంతువుల వల్ల వచ్చే ఆదాయంలో వాటాని పక్కనున్న పల్లెల మండళ్లకు ఇవ్వడం దాని ఉద్దేశం. ఆ ఆదాయంలో ఎక్కువ భాగం విదేశీ వేటగాళ్లు కట్టే ఫీజులే, అందులోనూ ఏనుగుదే పెద్దపీట. ఆ డబ్బుతో బడిగదులు కట్టుకున్నారు, బోర్లు వేసుకున్నారు. ‘ఏనుగు మన పంట తింటుంది, కానీ మన బడీ కట్టిస్తుంది’ అన్న ఆలోచన ఉంటే దొంగవేటగాడికి ఊళ్లోవాళ్లు దారి చూపించరన్నది లెక్క. 2014లో అమెరికా తలుపు మూసినప్పుడు గట్టిగా దెబ్బతిన్నది ఈ పథకమే.

బోట్స్‌వానాది ఇంకో అనుభవం. ప్రపంచంలో ఏ దేశంలోనూ లేనన్ని ఏనుగులు అక్కడున్నాయి, సుమారు లక్షా ముప్ఫై వేలు. 2014లో ఆ దేశం వేటను పూర్తిగా నిషేధించింది. పర్యటకులు వస్తారు, ఫొటోలు తీసుకుంటారు, అదే ఆదాయం అనుకుంది. పర్యటకులు వచ్చారు కానీ నది ఒడ్డునున్న ఖరీదైన విడిదులకే. దూరంగా ఎండు నేలల్లో ఉన్న పల్లెలకు మిగిలింది తొక్కేసిన చేలే. 2019 మేలో నిషేధం ఎత్తేశారు. 2020 ఫిబ్రవరిలో అరవై ఏనుగుల వేట అనుమతుల్ని వేలం వేస్తే 2.57 కోట్ల పులాలు... అంటే 23 లక్షల డాలర్లు వచ్చాయి. ఒక్కో ఏనుగు తల మీదా అప్పటి లెక్కలో మన రూపాయల్లో దాదాపు 27 లక్షలు!

అందుకే ట్రోఫీల దిగుమతిని జర్మనీ మరింత కట్టడి చేయాలనుకున్నప్పుడు, 2024 ఏప్రిల్‌లో అప్పటి బోట్స్‌వానా అధ్యక్షుడు మసీసీకి చిర్రెత్తుకొచ్చింది. ‘20 వేల ఏనుగుల్ని కానుకగా పంపిస్తాం, వాటితో కలిసి మీరూ బతికి చూడండి’ అని జర్మన్లకు సవాలు విసిరాడు. వద్దన్నా ఊరుకోమని కూడా అన్నాడు. అది వెటకారమే కావచ్చు. కానీ తోటలో కావలి పడుకునే ఏ రైతు విన్నా ‘బాగా అడిగినాడు’ అనే అంటాడు.

అయితే నాణేనికి రెండో వైపూ చూడాలి. వేటగాడు కట్టిన డబ్బు మధ్యలో మండళ్లూ, కంపెనీలూ, అధికారులూ దాటుకుని పల్లెకు చేరేసరికి చిక్కి సగమవుతోందన్న విమర్శ మొదటినుంచీ ఉంది. పెద్ద దంతాల ఏనుగులే వేటకు బలవుతాయి కాబట్టి మందలో ముసలి పెద్దలు లేకుండాపోతారు. దారి చూపేవీ, కుర్ర మగ ఏనుగుల్ని అదుపులో పెట్టేవీ వాళ్లే. కెన్యా 1977లోనే వేటను నిషేధించింది. 2016లో 105 టన్నుల దంతాల్ని కుప్పపోసి తగలబెట్టి ‘మాకు ఏనుగు బతికుంటేనే విలువ’ అని చాటింది. ఆ దేశపు అంబోసెలీ మైదానంలో ప్రాణంలా చూసుకునే భారీ దంతాల ఏనుగులు సరిహద్దు దాటి టాంజానియాలో అడుగుపెట్టినప్పుడు 2023, 24లలో వేటగాళ్ల తుపాకులకు బలయ్యాయి. ఏనుగుకు సరిహద్దు తెలియదు. అవతలివైపు చట్టం వేరని అంతకన్నా తెలియదు.

మన దగ్గర తుపాకీ మాటే లేదు

మన దేశం ఈ విషయంలో ఎప్పుడో ఓ నిర్ణయానికి వచ్చేసింది. చిత్తూరు ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1873లో అడవి ఏనుగుల రక్షణకు మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1977లో ఏనుగుని అందులోని ఒకటో షెడ్యూల్‌లో... అంటే పులితో సమానంగా చేర్చారు. 1986లో మన ఏనుగుల దంతాల వ్యాపారాన్ని నిషేధించారు. 1991లో ఆఫ్రికా దంతాలకూ అదే వర్తింపజేశారు.

ఏనుగు పంట తినేసిందని చంపడానికి మన చట్టంలో చోటు లేదు. మనుషుల ప్రాణాలకు ప్రమాదంగా మారినప్పుడో, కోలుకోలేని జబ్బుతోనో గాయంతోనో ఉన్నప్పుడో మాత్రమే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వొచ్చు. అదీ పట్టుకోవడం, మత్తిచ్చి తరలించడం వీలుకాదని తేలాకే, కారణాలు కాగితం మీద రాశాకే.

అలాంటి అరుదైన సందర్భాల్లో రాష్ట్రాలు పిలిపించుకునే వేటగాడు మన హైదరాబాదీయే. పేరు నవాబ్ షఫత్ అలీఖాన్. 2017 ఆగస్టులో జార్ఖండ్‌లోని సాహిబ్‌గంజ్ జిల్లాలో, బిహార్, జార్ఖండ్‌లలో కలిపి పదిహేను మంది ప్రాణాలు తీసిన ఏనుగుని కాల్చింది ఆయనే. మరి దంతాలు? మన చట్టం ప్రకారం అలా చనిపోయిన జంతువు మొత్తం ప్రభుత్వ ఆస్తి. దంతమే కాదు, తోక వెంట్రుక కూడా వేటగాడి ఇంటికి చేరకూడదు. విదేశాల్లో ‘దంతం రాని వేట’ ఓ చవక బేరం. మన దగ్గర అది చట్టం!

రెండొందల ఏళ్ల తర్వాత వచ్చిన చుట్టాలు

సోమల తాతముత్తాతలకు ఏనుగు అంటే గుడి ఉత్సవంలోనో సర్కస్‌లోనో కనిపించేదే. ఎందుకంటే దాదాపు రెండు శతాబ్దాలపాటు మన ఆంధ్ర అడవుల్లో అడవి ఏనుగులే లేవు. 1980లలో తమిళనాడు, కర్ణాటక సరిహద్దు అడవుల నుంచి కొన్ని మందలు కుప్పం, పలమనేరు వైపు నడిచొచ్చాయి. అక్కడ కరవు, తరిగిపోతున్న అడవి వాటిని ఇటు తరిమాయి. మొదట్లో జనం కొబ్బరికాయలు కొట్టి దణ్నాలు పెట్టారు. వినాయకుడే వచ్చాడన్నారు. 1990లో ప్రభుత్వం సుమారు 358 చదరపు కిలోమీటర్ల అడవిని కౌండిన్య అభయారణ్యంగా ప్రకటించింది.

కానీ ఏనుగు మన గీతల్లో ఉండే జీవి కాదు. రోజుకు నూటయాభై కిలోల మేత, వంద లీటర్లకు పైగా నీళ్లు కావాలి. కౌండిన్య చూస్తే సన్నగా పొడుగ్గా ఉన్న ఎండు అడవి. చుట్టూ చెరకు, వరి, రాగి, టమాటా, మామిడి. ఏడాదంతా బోరు నీళ్లతో పచ్చగా ఉండే మడి కనబడుతుంటే ముళ్లకంప ఎవరు నములుతారు? అలా పలమనేరు దాటి సోమల, సదుం, పులిచెర్ల మీదుగా శేషాచలం అంచుల దాకా వాటి దారులు సాగాయి.

ఏనుగు తిన్నది కొంత, తొక్కింది కొండంత. టమాటా మడిలో మంద ఓసారి నడిచిందంటే మొక్కలతోపాటు కట్టెలూ తీగలూ డ్రిప్ పైపులూ పోతాయి. టమాటా అయితే మళ్లీ నాటుకోవచ్చు. పదేళ్లు బిడ్డలా పెంచిన మామిడి చెట్టు కొమ్మ విరిగితే? ఆ కాపు మళ్లీ రావడానికి ఏళ్లు పడుతుంది. లెక్కలోకి రానివి ఇంకా ఉన్నాయి. నెలల తరబడి నిద్రలేని రాత్రులు. పొద్దుగూకితే పొలానికి పంపడానికి భయపడే ఇల్లాలు. పిల్లనివ్వడానికి ‘ఆ ఊళ్లో ఏనుగులంట’ అని వెనకాడే వియ్యంకులు!

ప్రాణాలూ పోతున్నాయి. దేశం మొత్తం మీద ఏటా 500 మందికి పైగా ఏనుగుల దాడుల్లో చనిపోతున్నారు. 2025 ఫిబ్రవరిలో మహాశివరాత్రికి అడవి దారిన గుండాలకోనకు నడిచివెళుతున్న భక్తుల మీద ఏనుగులు విరుచుకుపడితే ముగ్గురు చనిపోయారు. ఆ కుటుంబాలకు ప్రభుత్వం పది లక్షల రూపాయల చొప్పున ప్రకటించింది.

ఏనుగులూ చస్తున్నాయి. వేటగాడి తుపాకీకి కాదు... పొలం చుట్టూ దొంగతనంగా పెట్టిన కరెంటు తీగకు, కిందికి వేలాడే లైన్లకు, బావులకు, లారీలకు. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర రోడ్డు దాటుతున్న మూడు ఏనుగులు ఒక్క లారీ దెబ్బకు చనిపోయాయి. ఇదీ ఓ రకం ‘ట్రోఫీ లేని వేటే’. తేడా ఏమిటంటే ఇక్కడ ఎవరూ ఎవరికీ పైసా కట్టరు. ఊరికి బడీ రాదు, బోరూ రాదు. రైతు మీద కేసు, అడవికి ఓ గొయ్యి. అంతే.

బిల్లు ఎవరిది?

అయితే మనమూ అనుమతులు అమ్ముకుందామా? ఆ మాట మన ఊళ్లలో ఎవరూ అనరు. పంట పోగొట్టుకున్న రైతు ఇంట్లో కూడా చవితికి మట్టి వినాయకుడు కూర్చుంటాడు. పైగా బోట్స్‌వానా ఒక్కదాంట్లోనే లక్షా ముప్ఫై వేలుంటే, డీఎన్ఏ పద్ధతిలో చేసి 2025లో విడుదల చేసిన లెక్క ప్రకారం మన దేశం మొత్తంలో ఉన్నవి 22,446. ఇందులోంచి అమ్ముకోవడానికి ఏముంది? చంపకూడదన్న మన నిర్ణయం సరైనదే.

కానీ దానికో ఖరీదుంది. ఆఫ్రికాలో వేటగాడు తప్పో ఒప్పో చేసి, దంతం రాకపోయినా కొంత కట్టి వెళ్తున్నాడు. ‘ఏనుగు బతకాలి’ అని కోరుకునే మనమంతా, నగరాల్లో టీవీ ముందు కూర్చుని గున్న ఏనుగుల్ని చూసి ముచ్చటపడే మనమంతా ఎంత కడుతున్నాం? ఇన్నేళ్లూ ఆ బిల్లుని కుప్పం, పలమనేరు, సోమల రైతులే కడుతూ వచ్చారు. పంట పోయాక ఫొటోలు, అర్జీలు, అటవీశాఖ వారొకసారి, రెవెన్యూ వారొకసారి... పరిహారం చేతికందేలోపు ఇంకో పంటకాలం వచ్చేస్తుంది.

కొంత కదలిక లేకపోలేదు. రామకుప్పం మండలం ననియాలలో జయంత్, వినాయక్ అనే శిక్షణ పొందిన కుంకీ ఏనుగులు ముందునుంచీ ఉన్నాయి. 2025 మేలో కర్ణాటక మరో నాలుగింటిని... రంజన్, దేవా, కృష్ణ, అభిమన్యులను మన రాష్ట్రానికి అప్పగించింది. వాటికోసం పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం ఏర్పాటైంది. మందల్ని గద్దించి మళ్లీ అడవిలోకి మళ్లించడం వీటి పని. 2025 నవంబరులో కేంద్రం మరో మాట చెప్పింది. అడవి జంతువుల వల్ల పోయిన పంటనూ 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో చేరుస్తామని, 72 గంటల్లోగా యాప్‌లో ఫొటోలతో తెలియజేయాలని ప్రకటించింది. ఏ జంతువులకు, ఏయే ప్రాంతాలకు అన్నది రాష్ట్రాలు గుర్తించాలి. ఆ జాబితాలో మన అడవి అంచు మండలాలు ఉండేలా చూడటం, అర్ధరాత్రి తొక్కేసిన మడికి ఫొటో ఎలా తీసి పంపాలో రైతుకు నేర్పించడం... అసలు పని అక్కడుంది.

కుంకీలు ఏనుగుని వెనక్కి పంపుతాయి. అప్పుని వెనక్కి పంపలేవు. ఏనుగు బతికినా వెయ్యే అన్న సామెత మన తరంలోనూ నిజం కావాలంటే ఆ వెయ్యిలో తొలి వాటా ఏనుగు పక్కన బతుకుతున్నవాడికే దక్కాలి. అది సమయానికి అందిననాడు, ‘ఏం నా, రేయి దిగినాయా?’ అన్న పలకరింపుకి సోమల టీకొట్టు దగ్గర ఇంకో జవాబు వినిపించొచ్చు.

‘దిగినాయిలేరా. తిననీ... మనకీ వస్తాది గదా!’